పెరటి చెట్టు వైద్యము

‘పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదు’ అని సామెత. చేరువనున్న వస్తువు విలువ మనకు కనబడదని చెప్పుటకు పెద్దలు దీనిని వాడుచుందురు. చేయి చాచిన అందు కరివేప రెబ్బను త్రుంచి పోపులో వేయుదుమే కాని, ఆ చెట్టునకును, అది మొలచిన పెరటికిని ఒక చరిత్ర కలదని తలపము. రాజుల చరిత్ర శాసనములలో నిలిచినది. ఆనకట్టల చరిత్ర ప్రభుత్వపు దస్త్రములలో నిలిచినది. పెరటి చరిత్ర మాత్రము వంటలలోను, పలుకుబడులలోను, ఇల్లాండ్ర చేతులలోను నిలిచినది. గోదావరి డెల్టాలోని ఆ చరిత్రను కొంత పోగుచేసి శ్రోతల ముందుంచుట మా ఉద్దేశము. సామెత ఎంతవరకు నిజమో తుదకు శ్రోతలే నిర్ణయింపగలరు.

రాజమహేంద్రవర వీధులలో నడచునప్పుడు కొన్ని పేరులు మనలను నిలుపును. తాడితోట అని ఒక పేట కలదు. అక్కడ నేడు బట్టల దుకాణములు క్రిక్కిరిసియున్నవి. ఆల్కాట్ గార్డెన్స్ అని మరియొకటి కలదు; అక్కడ ఇంటిని ఆనుకొని ఇల్లు లేచినది. చెట్లు పోయినను పేరులు పోలేదు. పట్టణము పెరిగిన కొలది తోట వీధి పేరుగా మారుట ప్రపంచమంతటను జరిగిన కథయే. కాని మన పట్టణములలో తోటకంటె ముఖ్యమైనది ఒకటి ఉండెను. అది ప్రతి ఇంటి వెనుకను ఉండిన పెరడు.

గోదావరి జిల్లాల పాత ఇంటి కట్టుబడిని ఒకసారి మనసునకు తెచ్చుకొందము. వీధి అరుగు, చావడి, నడుమ ఆకాశము కనబడు మండువా, దాని వెనుక వంటయిల్లు, వంటయింటి వెనుక నుయ్యి, నూతి వెనుక పెరడు, పెరటి చివర పశువుల సాల. ఈ వరుస ఊరక ఏర్పడినది కాదు. ఇది నీటి నడక. నూతిలో తోడిన నీరు మొదట వంటకును స్నానమునకును పోవును. బియ్యము కడిగిన నీరు కుడితి తొట్టిలో చేరి పశువునకు పోవును. అంట్లు తోమిన నీరు, స్నానము చేసిన నీరు నూతి గట్టునుండి చిన్న బోదెగా పెరటిలోనికి సాగును. ఆ కాలమున అంట్లు తోముటకు బూడిదయు కొబ్బరిపీచును, స్నానమునకు సున్నిపిండియు కుంకుడుకాయయు వాడుక. బూడిదలో మొక్కకు కావలసిన పొటాషు కలదు. ఆ నీరు మొక్కకు హాని చేయకపోగా ఎరువగుచుండెను. మురుగు అను మాటకు ఆ ఇంటిలో చోటు తక్కువ.

బోదె ప్రక్కన మొదటి స్థానము అరటిది. వెడల్పైన ఆకులతో అది నీటిని విశేషముగ త్రాగి గాలికి విడుచును గనుక నూతి చుట్టును నేల చిత్తడి కాకుండ కాపాడును. దాని కాయ కూరకు, పండు పూజకు, ఆకు విస్తరికి, పువ్వు వేరొక కూరకు, గెల కోసిన పిమ్మట దూట మరియొక కూరకు ఉపయోగపడును. అరటి తరువాత కంద, చేమ, తీగబచ్చలి. ఇవియును తడిని కోరునవే. నీరు నిలువని మెరక చోట కరివేప, మునగ, నిమ్మ. చిన్న మడులలో తోటకూర, గోంగూర. కంచెమీద దొండ. పందిరిమీద బీర, పొట్ల, చిక్కుడు. ఇంటికప్పు మీదికి ఆనపతీగ, బూడిదగుమ్మడి. నేల చాలనిచోట కప్పు కూడ పొలమైనది. నేడు మనము క్రొత్తగా కనుగొన్నామనుకొను మేడమీది తోటకు ఈ ఆనపతీగయే మొదటి గురువు.

గోదావరి జిల్లాల పెండ్లి భోజనములలో కంద-బచ్చలి కూరకు గల గౌరవము శ్రోతలు ఎరుగుదురు. కందలో సూదులవంటి సన్నని స్ఫటికములు ఉండుటచేత నోరు దురద పెట్టును. చింతపండు పులుసు ఆ దురదను తగ్గించును. బచ్చలి దానికి మెత్తదనము నిచ్చును. ఆవపిండి ఘాటు నిచ్చును. కందయు బచ్చలియు ఒకే బోదె ప్రక్కన పెరుగునవి కనుక, అవి పందిటి క్రింద విస్తరిలో కలియుటకు ముందే పెరటి తడిలో కలిసియుండునని మాకు తోచుచున్నది. పెద్ద వంటలు రాజభవనములలోనే పుట్టవలెనను నియమము లేదు.

పెరటికి ఒక పంచాంగము కూడ ఉండెను. రోహిణీ కార్తె ఎండలకు మడులు ఎండి బీటలు వారును. మృగశిర ప్రవేశించి తొలకరి పడగానే బీర, ఆనప, పొట్ల గింజలు పాదులకు చేరును. ఆ వానలలోనే చిక్కుడు నాటుదురు. కాని నాటు చిక్కుడు ఎంత గుబురుగా ప్రాకినను, పగలు తగ్గి రాత్రి పెరుగు దినములు వచ్చువరకు పూత పూయదు. అందుచేతనే సంక్రాంతినాటికి అది పందిరి నిండ కాయును. రథసప్తమినాడు సూర్యునకు చిక్కుడుకాయలతో రథము కట్టు ఆచారము మన ఇండ్లలో ఏర్పడినది. ముదిరిన బీరకాయను తీగమీదనే ఎండనిచ్చి వాసమునకు వ్రేలాడగట్టుదురు. ఆనప బుర్రలో విత్తులు పోసి బూడిద చల్లి మూతి బిగింతురు. ఈ యింటి విత్తులు ఆ యింటికిని, పుట్టినింటి విత్తులు మెట్టినింటికిని ప్రయాణము చేసినవి. విత్తన శాలలు లేని దినములలో విత్తనమును కాపాడినది స్త్రీల జ్ఞాపకశక్తియే.

అయితే ఈ చిత్రము అందరిదియు కాదు. మండువా లోగిలి భూవసతి గలవారిది. కాలువగట్లమీద, ఊరి చివర పేటలలో గుడిసె వేసుకొనిన కూలివానికి పెరడెక్కడిది? వానికి గుడిసె కప్పుమీది ఆనపతీగయు, గుమ్మము ప్రక్కన మునగకొమ్మయు, కాలువగట్టున తనంత తాను మొలచు పొన్నగంటి కూరయు పెరడు. ఇంటి వెనుక రెండు సెంట్ల నేల ఉండుటకును, లేకుండుటకును నడుమ విస్తరిలో ఎంతటి అంతరము కలదో మనము ముందు చూడబోవుదుము.

ఇంతటి పెరటిని గూర్చి పాత ప్రభుత్వ గ్రంథములు ఏల ముచ్చటింపలేదు? 1878లో హెన్రీ మారిస్ దొర గోదావరి జిల్లాను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. 1907లో హెమింగ్వే దొర జిల్లా గెజెటీరును కూర్చెను. అటువంటి గ్రంథములలో ప్రధాన స్థానము కాలువలకు, వరిచేలకు, శిస్తునకు దక్కుట సహజము. గ్రామకంఠములోని ఇంటి స్థలమునకు భూమిశిస్తు లేదు. శిస్తు లేనిదానికి కరణము లెక్క వ్రాయడు. కరణము వ్రాయనిది కలెక్టరునకు తెలియదు. కలెక్టరునకు తెలియనిది చరిత్రకు ఎక్కదు. పెరటిలో పండినది అంగడికి పోలేదు గనుక ధర లేదు. పండించినది స్త్రీ గనుక కూలి లేదు. లెక్కలకు అందకపోయినంత మాత్రమున ఆ పంట లేకుండ పోలేదు.

ఇక చేల కథ చూతము. 19వ శతాబ్దపు తొలి సగము ఈ ప్రాంతమునకు కష్టకాలము. నందన నామ సంవత్సరపు కరవు 1832-33లో వచ్చెను. 1839 నవంబరులో కోరంగి తీరమును పెనుతుఫాను ముంచెను. 1821లో 7 లక్షల 38 వేలుగా ఉండిన నాటి రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయెను. చేరువనే మహానది సముద్రమునకు పరుగెత్తుచుండగా ప్రజలు అన్నము లేక మాడిరి. అప్పుడు ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్టను తలపెట్టెను. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసినది. కాలువలు సాగినవి. వానను నమ్ముకొనిన చేలు వరి మాగాణులైనవి. నేటికి ఆ డెల్టా ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరములు. గోదావరి ప్రజలు ఇప్పటికిని స్నాన సంకల్పములో కాటను దొరను తలచుకొనుదురని చెప్పుకొందురు. ఆ కృతజ్ఞత సహేతుకమైనది.

కాని ప్రతి మేలునకు ఒక నీడ ఉండును. నీరు పారిన కొలది చేలన్నియు ఒకే పైరు వైపు మరలినవి. మొదట సార్వా వరి, తరువాత మినుము, పెసర వంటి అపరాలు అను వాడుక ఉండెను. రెండవ కారు నీరు కూడ అందినచోట దాళ్వా వరి వచ్చి అపరాలను ప్రక్కకు నెట్టినది. గాదె నిండినది; విస్తరిలో రంగులు తగ్గినవి. పిమ్మట బియ్యపు మరలు వచ్చినవి. రోకలి దంపుడు బియ్యమునకు మారుగ తెల్లని మరబియ్యము పరువైన తిండి అయ్యెను. తవుడు పశువులకు పోయినది.

ఆ తవుటితో పోయినదేమో తెలిసికొనుటకు ప్రపంచమునకు చాల కాలము పట్టినది. కాళ్లు తిమ్మిరి యెక్కి, నీరు పట్టి, గుండె నీరసించు బెరిబెరి అను వ్యాధి ఉత్తర సర్కారులలో మరలకు పూర్వమే కలదు. దానిని గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే మద్రాసున ఒక గ్రంథము ప్రకటించెను. కారణము ఆయనకు దొరకలేదు. శతాబ్ది చివర జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు తెల్లబియ్యము తినిన కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడుతో కూడిన బియ్యము పెట్టగానే కోలుకొనుటయు గమనించెను. బియ్యపు పై పొరలో నుండు థయమిన్ అను విటమిను పోవుటయే వ్యాధికి మూలమని తరువాతి పరిశోధనలు నిర్ధారణ చేసినవి.

మన దేశమున ఈ వ్యాధిని పరిశోధించుటకై 1918లో నీలగిరులలోని కూనూరున ఒక చిన్న గదిలో మెకారిసన్ వైద్యుడు పని ప్రారంభించెను. ఆ ఒంటిగది పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది. తెలుగు తీరపు తెల్లన్నముతో ముడిపడిన ఒక వ్యాధి పరిశోధన తుదకు తెలుగు గడ్డకే చేరినదన్నమాట. 1930 తరువాతి దశాబ్దిలో కూనూరున ఐక్రాయిడ్ మున్నగువారు బియ్యమును గూర్చి విశేషముగ పరిశీలించిరి. మద్రాసు రాజధానిలో బెరిబెరి ప్రధానముగ సర్కారు జిల్లాలలోనే కానవచ్చుటకు కారణము ఇచ్చటివారు ఉప్పుడు బియ్యమునకు బదులు పచ్చి మరబియ్యము తినుటయేనని వారు తేల్చిరి. వడ్లను ఉడికించి దంచినచో విటమిను గింజ లోపలికి ఇంకి నిలుచును. మనము ఉడికింపలేదు, పైగా గంజి వార్చి పారబోసితిమి.

ఇట్టి భోజనమునకు తోడు నిలిచినది పెరడు. పందిరి చిక్కుడు గింజలోను, పప్పులోను కొంత థయమిన్ కలదు. తోటకూర, మునగాకు, పొన్నగంటి మున్నగు ఆకుకూరలలో కంటి చూపును కాపాడు కెరోటిన్ సమృద్ధిగా కలదు. దాని లోపముచేత పసిపిల్లలు చూపు కోల్పోవుచుండుటను గుర్తించి భారత ప్రభుత్వము 1970లో విటమిన్ ఏ మోతాదులను పంచు పథకమును ప్రారంభింపవలసి వచ్చెను. ఇంటి వెనుక రెండు సెంట్ల నేల ఉండుటకును లేకుండుటకును గల అంతరమని మేము పైన చెప్పినది ఇదియే.

ఈ సందర్భమున గోదావరి బిడ్డ యొక్కరిని తలవక తప్పదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరమున జన్మించిరి. స్ప్రూ అను వ్యాధి వారి సోదరులను బలిగొన్నది. తినిన ఆహారము ఒంటికి పట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవుట ఆ వ్యాధి లక్షణము. ఆ దుఃఖమును మనసున నిడుకొని వారు అమెరికా వెళ్లిరి. ఇంతలో 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించుచు, ఈస్టు సారములోని ఏదో పదార్థము వారిని బాగుచేయుచున్నదని గమనించెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూరనుండి ఆ పదార్థమును కొద్దిపాటి తీసి, లాటిను భాషలో ఆకు అను అర్థము గల మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లము అని పేరిడిరి. దానిని కృత్రిమముగ తయారుచేయు మార్గమును లెడర్లీ పరిశోధనశాలలో సుబ్బారావు గారి నాయకత్వమున 1945లో సాధించిరి. సోదరులను కబళించిన స్ప్రూకు అది ఔషధమైనది. నేడు గర్భిణులకు వైద్యులిచ్చు మాత్రలో ఉన్నది ఆ ఆకు పదార్థమే. 1948లో సుబ్బారావు గారు న్యూయార్కున కన్నుమూసిరి.

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెతకు భీమవరమునుండి వెళ్లిన ఒక తెలుగువాడు ఇచ్చిన సమాధానమిది. అయితే ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను. ఆకు మందునకు ప్రత్యామ్నాయము కాదు. రోగము వచ్చిన పిమ్మట వైద్యునే ఆశ్రయింపవలెను. రోగము దరిచేరకుండ చూచుటలో ఆకునకు భాగము కలదు. ఫోలిక్ ఆమ్లము ఎక్కువ వేడికి నశించును. కోసిన గంటలో పొయ్యి నెక్కి కొద్దిసేపు ఉడికిన పెరటి ఆకునకును, రెండుదినములు బండిమీద వాడిన ఆకునకును గల భేదము రుచిది మాత్రమే కాదు.

యుద్ధములు వచ్చినప్పుడెల్ల లోకమునకు పెరడు జ్ఞప్తికి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో ప్రభుత్వము పచ్చికబయళ్లను త్రవ్వి కూరలు పండింపుడని ప్రజలను కోరెను. అమెరికాలో సుమారు రెండు కోట్ల విజయోద్యానములు వెలసినవి. మన వైపున 1942 మార్చిలో రంగూను జపానువారి వశమై బర్మా బియ్యము ఆగిపోయెను. అక్కడ స్థిరపడిన సర్కారు జిల్లాల తెలుగువారు ఎందరో అడవుల వెంట నడచి ఇల్లు చేరిరి. 1943లో అధికాహారోత్పత్తి ఉద్యమము ప్రారంభమైనది. 1950లో మున్షీ గారు వనమహోత్సవమును నెలకొల్పిరి. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు వారమున కొకపూట భోజనము మానుడని జాతిని కోరి, తమ నివాసములోని పచ్చికను తామే దున్నిరి. 1990 తరువాత సోవియట్ సహాయము ఆగిపోగా క్యూబా రాజధాని హవానా ప్రజలు ఖాళీ స్థలములలో కూరమడులు వేసి కరవును దాటిరి. కష్టము తీరగానే ఉద్యమములు చల్లారినవి. గోదావరి పెరడు ఉద్యమము కాదు గనుక చల్లారలేదు. వేరొక కారణమున తరిగినది.

ఆ కారణములలో మొదటిది చేలలోనే పుట్టినది. 1967లో పశ్చిమగోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారను యువరైతు ఐ.ఆర్. 8 అను పొట్టి వరిని సాగుచేసి దేశమున పేరు గాంచిరి. దిగుబడులు పెరిగినవి; దేశము బియ్యమునకై ఇతరులను యాచించు దుస్థితి తొలగినది. అది చిన్న మేలు కాదు. దానితోపాటు కలుపుమందులు, పురుగుమందులు వచ్చి, గట్ల మీది పొన్నగంటి వంటి ఉచితపు కూరలను ఏరుకొను వీలు తగ్గించినవి. తరువాతి దశాబ్దులలో భీమవరము చుట్టుపట్ల చేలు చేపల, రొయ్యల చెరువులైనవి. చేనుగట్టు కూర పోయినకొలది పెరటి కూర విలువ పెరుగవలెను. సరిగా ఆ కాలముననే పెరడు చిక్కిపోవుట మన దురదృష్టము.

మేము చిన్ననాట తిరిగిన ఒక లోగిలి రాజమహేంద్రవరమున ఉండెను. అన్నదమ్ములు ముగ్గురు పంచుకొనిరి. మండువా మధ్య గోడ లేచినది. నూతిలో ముగ్గురకు భాగముండుటచేత ముగ్గురును దానిని బాగుచేయింపలేదు. కుళాయి వచ్చినది, నుయ్యి పూడినది. అంట్లు తోముటకు సబ్బుపొడి వచ్చినది. ఆ నీరు పాదునకు పనికిరాదని సిమెంటు కాలువలోనికి మళ్లించిరి. అరటి ఎండినది. తడి లేక బచ్చలి పోయినది. మిగిలిన నేల చుట్టును గోడ తప్ప మరేమియు లేకపోగా గదులు వేసి అద్దెకిచ్చిరి. పిమ్మట అంతయు పడగొట్టి అంతస్తుల భవనము కట్టిరి. పెరడు పోవుటకు స్థలము చాలకపోవుట కారణమని అందరు అందురు. మేము చూచినది వేరు. మొదట పోయినది నీటి నడక. నేల పోయినది తరువాత.

నేల పోయినను కోరిక పోలేదు. రాజమహేంద్రవరమునకు చేరువనే, రావులపాలెము పోవు జాతీయ రహదారిమీద, కడియము, కడియపులంక గ్రామములు కలవు. గోదావరి ఒండ్రు నేలలో పూలతోటలు, అంటు మొక్కలు పెంచుట అక్కడ కులవిద్యవలె పాతుకొన్నది. శ్రీ సత్యనారాయణ నర్సరీ స్థాపకులు పల్ల వెంకన్న గారి వంటివారు ఆ గ్రామముల పేరును దేశమంతట వినిపింపజేసిరి. నేడు అక్కడినుండి మొక్కలు లారీలకెక్కి ఇతర రాష్ట్రముల పట్టణములకు పోవుచున్నవి. పశ్చిమమున తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. పట్టణపు డాబామీదికి మొక్కను, విద్యను రెంటిని అందింపగల సంపద మన ముంగిటనే ఉన్నదన్నమాట. తెలంగాణమున డాబాను మిద్దె అందురు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు చెంత నారపల్లిలో తమ ఇంటి మీద పెంచిన తోటవలనను, తమ రచనలవలనను మిద్దెతోట అను మాటను తెలుగువారందరి నోట నాటిరి.

డాబామీది తోట అనగా పెరటిని పైకెత్తుట మాత్రమే కాదు. ఒక ఘనపుటడుగు తడిమట్టి 45 కిలోలకు మించి తూగును. మన డెల్టా జిగటమట్టిని కుండీలో నింపినచో బరువునకు బరువు, గాలియాడక వేళ్లు కుళ్లుట అదనము. దీనికి ఉపాయము కోనసీమయే చూపినది. కొబ్బరిపీచు తీయగా మిగులు పొట్టు ఒకప్పుడు గుట్టలుగా పడియుండి దారికి అడ్డమగుచుండెను. తన బరువునకు ఎన్నో రెట్ల నీటిని పట్టియుంచు ఆ తేలిక పదార్థమును కడిగి ఉప్పు పోగొట్టి, మాగిన పశువుల ఎరువుతోను, కొంత మట్టితోను కలిపినచో డాబాకు తగిన నేల సిద్ధమగును. ఆకుకూరలకు ఆరు అంగుళముల లోతు చాలును. వంగకు, మిరపకు ఒక అడుగు వలయును. ఆనప, బీర తీగలకు అడుగున్నర ఉండిన మేలు. కుండీలను కప్పు నడుమ కాక క్రింద గోడలు, దూలములు ఉన్నచోట ఇటుకలమీద నిలిపినచో బరువు నిలుచును, చెమ్మ దిగదు. రోహిణి ఎండలకు పలుచని నీడ కట్టవలెను. తోటకూర నెలదినములలో కోతకు వచ్చును గనుక క్రొత్తవారు దానితో ప్రారంభించుట మంచిది.

పాత నీటి నడకను తిరిగి కల్పించుట సాధ్యమా? కొంతవరకు సాధ్యము. సబ్బునీటిని మరలింపరాదు, పట్టణపు మురుగుకాలువ నీటిని కూరలకు ఎన్నడును పోయరాదు, దానివలన రోగములు వచ్చును. కాని బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు ప్రతి వంటయింటను బిందెడు వచ్చును. అది నేడు నేరుగా తూములోనికి పోవుచున్నది. ఆ బిందెను మెట్లెక్కించినచో మన ముత్తవల బోదె మరల పారినట్లే. కూరతొక్కలను కుండలో మాగబెట్టినచో పశువుల సాల పని కొంత తీరును.

డాబామీది పది కుండీలు ఇంటిల్లిపాదికి అన్నము పెట్టలేవు. ఆ మాట ఎవరు చెప్పినను నమ్మవలదు. పూర్వపు పెరడును అన్నము పెట్టలేదు. అది చేని పని. చేను కడుపు నింపును. మరపట్టి, వార్చి, మనము పోగొట్టుకొనినదానిలో కొంత తిరిగి ఇచ్చునది పెరడు. 1852లో గోదావరికి కట్టిన ఆనకట్ట మనకు అన్నము పెట్టినది. ఆ అన్నము ప్రక్కన ఒక పిడికెడు ఆకు వేసిన చేతులకు శిలావిగ్రహములు లేవు. వారి పేరులు ఏ దస్త్రమునను లేవు. వారి విద్య మాత్రము మన ఇండ్లలో ముసలివారి వద్ద ఇంకను కొంత మిగిలియున్నది. చిక్కుడు ఎప్పుడు పూయునో, ఏ ఆకునకు ఏ పులుసు పొందికయో, విత్తనమును ఎట్లు దాచవలెనో వారిని అడిగి తెలిసికొనుటకు ఇదియే తరుణము. ఆ నోళ్లు మూతపడినచో కడియములో మొక్క దొరకును గాని ఆ విద్య దొరకదు.

పెరటి చెట్టు వైద్యమునకు పనికివచ్చునా రాదా అని మేము మొదట ప్రశ్నించితిమి. పెరడుండిన దినములలో ఆ ప్రశ్నకు విలువ లేదు. నేడు చెట్టును వెదకుకొని మేడ యెక్కవలసిన వారమైతిమి. ఒక కుండీలో రేపు ఉదయము గుప్పెడు తోటకూర విత్తులు చల్లి, నెలనాళ్ల తరువాత కోసి, పప్పులో వేసి పిల్లలకు వడ్డించిన పిమ్మట, సామెతను ఉంచవలెనో దిద్దవలెనో శ్రోతలే చెప్పుదురు గాక.